కిటికీ సీటుకు నిర్వచనం కోరుతూ ఒక బహిరంగ లేఖ

పౌర విమానయాన శాఖ ఉన్నతాధికారి గారి సముఖమునకు, ఉట్నూర్ నుంచి శంషాబాద్ దాకా బస్సులోనూ, ఆపైన విమానంలోనూ వెళ్లే ప్రయాణికుల పక్షాన సమర్పించే విన్నపం.

విషయం: ‘కిటికీ సీటు’ అనే మాటకు అర్థం నిర్ణయించుట గురించి.

ఆర్యా,

విమానంలో గోడ పక్కనున్న ప్రతి సీటునూ ఒకే పేరుతో పిలిచి, ఎంపిక రుసుము, అంటే నచ్చిన సీటును ముందుగా పట్టుకున్నందుకు టికెట్ ధరపై అదనంగా తీసుకునే సొమ్ము, వసూలు చేయడం వాడుకలో ఉన్నది గానీ, ఆ కిటికీలోంచి ఏమి కనిపిస్తుందో చెప్పే పూచీ మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఉట్నూర్ బస్టాండ్‌లో ఈ శాస్త్రం ఏనాడో స్థిరపడింది. పొద్దున హైదరాబాద్ బస్సు ఎక్కేవారు, బస్సు దక్షిణానికి పోతుంది కనుక ఎండ ఎడమవైపు పడుతుందని లెక్కగట్టి, కుడివైపు కిటికీలోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, వేసి సీటు ఆపుకుంటారు. దిక్కు, పొద్దు, పక్క అనే ఈ మూడు అంశాలకు విమానంలో నాలుగోది తోడవుతుంది: అది రెక్క.

ఎయిర్‌బస్ ఎ320 వంటి విమానంలో వరుసకు ఆరు సీట్లుండగా, ఎడమ చివరిది ఎ, కుడి చివరిది ఎఫ్. నడిమి వరుసలవారికి నేలకు బదులు రెక్క కనిపిస్తుంది. రెక్క వెనుకవారికి ఇంజిన్ వేడిగాలిలో నేల అలలాడుతుంది. కాబట్టి రెక్కకు బాగా ముందున్న వరుసలే మేలు. బోయింగ్ 737 రకాల్లోనైతే, చల్లగాలి గొట్టాలు గోడలోంచి పైకి పోవడం వల్ల రెక్కకు కొంచెం ముందు ఎడమవైపు ఒకచోట కిటికీయే ఉండదు. దానినీ కిటికీ సీటనడం తార్కికులు చెప్పే శశవిషాణానికి, అంటే కుందేటి కొమ్ముకు, సాటి.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి సూటిగా గీత గీస్తే అది దాదాపు ఉత్తరానికి సాగి శ్రీరాంసాగర్ దగ్గర గోదావరిని దాటుతుంది; ఉట్నూర్ గుట్టలు ఆ గీతకు తూర్పున, అంటే ఎఫ్ సీటు వైపు, సుమారు 60 కిలోమీటర్ల దూరాన ఉంటాయి. పది కిలోమీటర్ల ఎత్తు నుంచి చూపు సుమారు 350 కిలోమీటర్ల దాకా పారుతుంది కనుక, మబ్బు లేకుంటే అవి అందని దూరం కావు. పొద్దున సూర్యుడు అటువైపే ఉండి కళ్లు చెదరగొడతాడు. పొద్దు వాలాక పడమటి వెలుగు గుట్టల మీద పడి, వానలు వెనకబట్టిన కార్తీకంలో లోయలూ అడవులూ విడివిడిగా తేలతాయి. తిరుగు ప్రయాణంలో ఈ భాగ్యం ఎ సీటుది.

దూర ప్రయాణాలకూ సూత్రం ఇదే. చలికాలపు మధ్యాహ్నం పడమరకు పోయే విమానంలో సూర్యుడు దక్షిణాన, అంటే ఎడమవైపు, ఉంటాడు కనుక కుడి కిటికీ నయం. ఢిల్లీ నుంచి ఖాట్మండుకు పోయేవారికి హిమాలయాలు ఎడమవైపున. రాత్రి విమానంలో గల్ఫ్‌కు పోయే కూలికి మాత్రం ఈ లెక్కలేవీ అక్కరకు రావు. అతడికి ఏ పక్కన కూర్చున్నా కనిపించేవి వెనక్కి పోయే దీపాలే.

కావున సీట్ల పటంలో రెక్క ఉన్నచోటు, కిటికీ లేనిచోటు, ప్రయాణ వేళకు ఎండ పడే పక్క గుర్తించి చూపేలా ఆదేశించవలసిందిగా ప్రార్థన. విమానపు కిటికీ తెరుచుకోదు కనుక దస్తీ వేసే పద్ధతిని అక్కడ అమలు చేయలేకపోతున్నామన్న సంగతి తమరు గమనించగలరు.

ఇట్లు,
ఎండ పడని పక్క ఎరిగిన ఉట్నూర్ ప్రయాణికులు