రిటైర్మెంటు లేని నిమ్మచెక్క

చలికాలం మొదలైందంటే మా నారాయణఖేడ్‌కు నాగపూర్ సంత్రాలు దిగుతాయి. నాందేడ్ నుంచి సంగారెడ్డికి వచ్చే 161వ నంబరు జాతీయ రహదారి మాకు దాపులోనే ఉంది మరి. కొనేది పిల్లల కోసమని అంటాం గానీ, మా ఇంట్లో పండు ఉట్టి సాకు. అసలు సరుకు పొట్టు.

"ఏం రా, చెత్తల ఏస్తున్నవ్? తూకంల పొట్టుకు గూడ పైసలిచ్చినవ్ గదా!" అంటుంది అమ్మ.

బీకాం చదివిన నాకే ఈ లెక్కకు జవాబు దొరకలేదు. పొట్టంతా చేటలో మిద్దెక్కుతుంది. గలగలమనేదాకా ఎండి, రోట్లో దంగి, సున్నిపిండిలో కలుస్తుంది. సంక్రాంతినాడు ఇంటిల్లిపాదిమీ నాగపూర్ వాసనే.

నిమ్మకాయకు ఆ మాత్రం విశ్రాంతి కూడా లేదు. అటుకుల్లోకి పిండాక దాని పని అయిపోయిందనుకుంటాం. అసలు కొలువు అప్పుడే మొదలు. పిండిన చెక్కకు ఉప్పద్ది నల్లబడ్డ ఇత్తడి చెంబు మీద ఒక్కసారి రుద్దితే, చెక్క పోయినంత మేర పచ్చటి దారి పడుతుంది. ఆ దారి కనబడ్డాక అమ్మ ఆగదు. చెంబు తర్వాత పళ్లెం, పళ్లెం తర్వాత దేవుడి గంట, ఆ తర్వాత బోరు నీళ్లకు తెల్లగా చార కట్టిన నల్లా. శుక్రవారమైతే ఇంకో చెక్కను తిరగేసి డిప్ప చేసి, నూనె పోసి అమ్మవారి ముందు దీపం పెడుతుంది. స్వీడన్‌లో షీలే అనే ఆయన 1784లో నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లం వేరుచేసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన చేతిలో రసముంది. మా అమ్మకు ఆ సౌకర్యం కూడా లేదు.

ఇంత సజావుగా నడుస్తున్న సంసారంలోకి మా బామ్మర్ది హైదరాబాద్ నుంచి ఫోన్‌లోని జ్ఞానంతో దిగాడు. "బావా, బండల మీద నిమ్మచెక్క రుద్దితే అద్దంలెక్క మెరుస్తయ్" అని కూర్చుని రుద్దాడు. మావి షాబాద్ బండలు. అంటే సున్నపురాయి. నల్లా మీది చారలో ఉండేదీ అదే పదార్థం. ఏది మురికి, ఏది ఇల్లు అన్న తేడా ఆమ్లానికి తెలియదు. సన్నగా బుడగలొచ్చాయి.

"చూడు బావా, మురికి పోతున్నది!"

పోతున్నది బండ. అక్కడ ఇప్పుడు చాప పరిచాం.

పరిహారంగా ఎంజైము పెట్టిస్తానన్నాడు. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు. సీసాలో పోసి మూడు నెలలు ఆగితే ఇల్లు తుడుచుకునే నీళ్లు తయారట. అన్నీ చెప్పాడు గానీ, పులిసేటప్పుడు గ్యాసు పుడుతుందని, మొదటి నెల రోజూ మూత వదులు చేయాలని చెప్పకుండానే బస్సెక్కాడు. ఒక అర్ధరాత్రి వంటింట్లో ఢామ్మంది. "దొంగలు రా!" అని అమ్మ రోకలి పట్టుకుని లేచింది.

తెల్లారి గోడకంటుకున్న తొక్కలు ఏరి చేటలో వేస్తూ అడిగింది: "బెల్లం గూడ వట్టింది గదా, ఎండవెడ్తె ఇంక దేనికన్న పనికొస్తయా రా?"