అర లీటరు నెమలికంఠం

నేను లోకాన్ని ఎక్కువగా తలకిందులుగానే చూశాను. సగం వాడిన రంగు డబ్బాని బోర్లించి పెట్టాలని బోటు నడిపే సరంగుకి ఎవరు చెప్పారో గాని, పడవకి రంగేసిన సాయంత్రమే మూత బిగించి, చుట్టూ సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, తెచ్చి ఇంట్లో అటక మీద బోర్లా పెట్టేశాడు. చెప్పినవాడెవరో తెలివైనవాడే. మాది ఎనామిల్ జాతి. బట్టలారినట్టు ఊరికే ఆరిపోయే వాళ్లం కాదు. గాలిలోని ప్రాణవాయువుని పట్టుకుని గట్టిపడతాం. డబ్బాలో సగం ఖాళీ ఉంటే ఆ ఖాళీలో ఉన్న గాలే చాలు, పాల మీద మీగడలాగా పొర కట్టేస్తుంది. బోర్లిస్తే మూత సందుల్ని రంగే మూసేస్తుంది. కట్టిన పొర కూడా, మళ్లీ తిప్పి తెరిచేసరికి అడుక్కి పోయి ఉంటుంది.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికేం లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో రేకు వంచారు, రంగు నింపారు, మూత కొట్టారు. నా అసలు బతుకు కాకినాడలో ఒక రంగుల కొట్లో వేట నిషేధం రోజుల్లో మొదలైంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు వేటకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలూ మా డబ్బాలకి పెళ్లిళ్ల సీజను. ఒడ్డున బోట్లన్నీ కొత్త రంగుల కోసం వరసగా నిలబడి ఉంటాయి. షేడు కార్డులో నాకొక అంకె, ఒక ఇంగ్లీషు పేరు ఉన్నాయి. కొట్టు కుర్రాడికి ఆ పేరు నోరు తిరక్క అంకెతోనే పిలిచేవాడు.

ఒక బోటు ఓనరు మమ్మల్ని పదకొండు డబ్బాలు కొన్నాడు. లీటరు డబ్బాలం. పది డబ్బాల రంగు సముద్రం మీదికి వెళ్లింది. పదకొండోదాన్ని నేను. కేబిను తలుపు దాకా వచ్చేసరికి నాలో సగం ఉండగానే పని అయిపోయింది. "మిగిలింది నువ్వు పట్టుకుపోరా," అన్నాడు ఓనరు సరంగుతో. ఆ పది మీదా నాకిప్పటికీ కొంచెం అసూయే.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు కదా, ఈ సరంగు రెండూ ఒకే ఏడు చూశాడు. ఉప్పాడ ఒడ్డున ఉన్న పాత ఇంటిని అలలు ముందు అరుగు, తరవాత వరండా, అలా విడతలు విడతలుగా తినేశాయి. ఒడ్డుకి దూరంగా ఇచ్చిన సెంటున్నరలో కొత్తది మొదలెట్టాడు. మధ్యలో చెల్లెలి పెళ్లి. ప్లాస్టరింగు అయ్యేసరికి చేతిలో చిల్లిగవ్వ లేదు. గోడలు సిమెంటు, గచ్చు సిమెంటు, మెట్టు కూడా సిమెంటే. వాకిట్లో ఇసుక. అటక మీంచి నాకు కనిపించినంత మేరా బూడిద రంగే. సరంగు కూతురు ఒకరోజు అన్నం తింటూ, "మామ్మా, మనిల్లు ఎండు నెత్తళ్లలాగా ఉందే," అంది. ఆ మాట సరంగు భార్యకి గుచ్చుకుంది. మర్నాడే స్టూలేసుకుని ఎక్కి నన్ను దింపింది.

మూత తీసి చూసి, "నెమలికంఠం!" అంది. అంకె పోయి నాకొక పేరు వచ్చింది ఆ పొద్దున్నే. నీలమా ఆకుపచ్చా అని షాపు వాళ్లు తేల్చుకోలేని నా రంగుని ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. ఉప్పాడ, కొత్తపల్లి నేత వీధుల పక్కన పెరిగిన మనిషి. కనకాంబరం, వంగపండు, ఉల్లిపొర, గంధం, రాణి రంగు అంటూ చీరల పేర్లతోనే ఆవిడ లోకంలో రంగులన్నీ ఉన్నాయి.

ముందు నన్ను పట్టుకున్నది మాత్రం ఆవిడ కాదు, కొడుకు. ఫోనులో చూశాడట, గదిలో ఒక గోడకి ముదురు రంగు వేస్తే అదిరిపోతుందని. అడక్కుండా దొడ్డివైపు, కుళాయి పక్కన, రెండు చేతుల వెడల్పు గోడకి పూశాడు. వారం రోజులు మెరిసిపోయాను. ఒక్క వాన పడింది. మెత్తబడి, జిగటగా అయి, చేప పొలుసుల్లాగా రాలిపోయాను. తప్పు నాది కాదు. పచ్చి సిమెంటులో క్షారం ఉంటుంది, నాలో నూనె ఉంటుంది. నూనెకి క్షారం తోడై, తేమ కూడా తగిలితే ఏమవుతుందో సబ్బు కాచేవాళ్లని అడగండి. ఆ గోడ మీద నేను అక్షరాలా సబ్బునైపోయాను. పైగా ఉప్పుగాలి ఊళ్లో గోడ లోపలి తేమ బయటికి రావాలి. నేనేమో ఊపిరాడనివ్వని పొరని.

"గోడకి సున్నం, చెక్కకి రంగు. ఈ మాత్రం తెలీదేంట్రా," అని మామ్మ వాడిని కసిరింది. ఆవిడకి నా మీదా గౌరవం లేదు. ఆవిడ వయసులో ఉండగా పడవ చెక్కకి గుగ్గిలం, చేప నూనె రాసేవారట. ఆ వాసన ముందు మేమంతా నీళ్లట.

ఆడపిల్ల నోటు పుస్తకం తెచ్చి లెక్క వేసింది. నున్నటి చెక్క మీద నేను లీటరుకి ఒక పూత 100 నుంచి 120 చదరపు అడుగులు వస్తాను. ఉన్నది అర లీటరు, గోడ మీద పోయింది పోగా ఇంకా తక్కువ. పదడుగుల గది, పదడుగుల ఎత్తు, నాలుగు గోడలు కలిపితే 400 అడుగులు, రెండు పూతలకి 800. "అంటే ఏడెనిమిది లీటర్లు," అంది పెన్సిలు కొరుకుతూ. తలుపైతే మూడు ఆరుల పద్దెనిమిది. ఒక వైపు రెండు పూతలకి 36. సరిపోగా ఇంకా కొంచెం మిగులుతుంది. రెండు వైపులకీ మాత్రం చాలదు.

ఇక్కడ మొగుడూ పెళ్లాలకి తగువు వచ్చింది. వీధిలో పోయేవాళ్లకి కనపడాలి గనక బయటి వైపు వేద్దామంటాడు ఆయన. "వేటకి పోతే వారం రాడు, ఆయన బయటి వైపు చూస్తాడంట. లోపల కూర్చునేది మేం," అంటుంది ఈవిడ. మామ్మ వాళ్లిద్దరినీ కాసేపు చూసి, లేచి వెళ్లి, తలుపుని లోపలికి పూర్తిగా తెరిచి గోడకి ఆనించింది. బయటి వైపు ఇప్పుడు గదిలోకి తిరిగింది. పగలంతా తలుపు తీసే ఉంటుంది. రాత్రి మూస్తే వీధి చూస్తుంది. ఒక వైపు పూతతో రెండు వైపులా పండగ. నేను చాలామంది పెయింటర్ల చేతుల్లో డబ్బాల్ని చూశాను, ఈ చిట్కా చెప్పినవాడు ఒక్కడూ లేడు.

ఆ తలుపు కొత్తది కాదు. సముద్రం వరండా దాకా వచ్చినప్పుడు సరంగు మొట్టమొదట ఊడదీసింది ఆ వేప తలుపునే. కొత్త గుమ్మానికి కొలత కుదరక కింద ఒక చెక్క అతికించారు. కొడుకు చేసిన తప్పుకి శిక్షగా వాడి చేతికి ఉప్పుకాగితం ఇచ్చారు. ఉప్పు తిన్న తలుపుకి ఉప్పుకాగితం, సరిపోయింది. వాడు రుద్దుతుంటే పొర తరవాత పొర బయటపడింది. ముందు ఆకుపచ్చ, దాని కింద ఇటుక ఎరుపు, ఇంకా కింద ఏ పేరూ లేని నల్లటి జిడ్డు. మామ్మ వంగి ఆ జిడ్డు మీద ముక్కు పెట్టి వాసన చూసింది. ఏమీ అనలేదు. "ఇక చాల్లే, అక్కడ రుద్దకు," అని మాత్రం అంది. ఎడమ మూల, గొళ్లేనికి జానెడు కింద, ఆ నల్లటి మచ్చ మీదే నేను కూర్చున్నాను.

పూత వేళ సరంగే పెట్టాడు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే ఇసుకంతా తడి రంగు మీదికి వస్తుంది. అందుకని తెల్లవారి మంచు ఆరగానే మొదలుపెట్టి, పది గంటల లోపు ముగించాలన్నాడు. నాలో కట్టిన పొరని పాత చీర ముక్కలో వడగట్టారు. చెక్క బయటపడిన చోట ప్రైమరు, దాని మీద నేను. మర్నాడు రెండో పూత. ఆ రాత్రి తలుపు మూయడానికి వీల్లేక మామ్మ గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుంది. రెండు దోమలు నాకు అతుక్కుపోయాయి. ఇప్పటికీ ఉన్నాయి.

మిగిలిన రంగు కిటికీ చట్రానికి, ఒక స్టూలుకి వచ్చింది. అంతే, నేనైపోయాను.

గోడల సంగతి మామ్మ చూసుకుంది. గుల్ల సున్నం తెచ్చి కుండలో నీళ్లు పోస్తే కుతకుతా ఉడికింది. వడగట్టి, నానబెట్టిన తుమ్మ బంక కలిపి, గోడలు బాగా తడిపి పల్చగా మూడు పూతలు. తడిగా ఉన్నప్పుడు సున్నం గోడ మీద ఉన్నట్టే కనపడదు. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. బట్టీలో గుల్లని కాలిస్తే పోయిన వాయువుని గాలిలోంచి తిరిగి లాక్కుని మళ్లీ గుల్లంత గట్టిపడటం దాని పని. నాలాగే అది కూడా గాలి తిని బతికే జాతే, కాకపోతే అది ఊపిరాడనిస్తుంది. పిల్ల పసుపు కొమ్ము అరగదీసి తెచ్చి, "మామ్మా, ఇది కలిపితే గోడ పచ్చగా వస్తుంది కదా," అంది. "గోడకి పారాణి పెడతావటే?" అని మామ్మ పగలబడి నవ్వింది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని ఈ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఎర్రబడినా నిలవదు, నాలుగు ఎండలకి వెలిసిపోతుంది. దానికి బదులు తలుపుకి ఎదురుగా ఉన్న ఒక్క గోడకి బట్టలకి పెట్టే నీలిమందు కొంచెం ఎక్కువ పడింది. నీలిమందు సున్నానికి ఓర్చుకుంటుంది. కాకపోతే విడిగా నీళ్లలో కలిపి గుడ్డలో వడగట్టకుండా పోస్తే చారలు పడతాయి. పడ్డాయి కూడా, దేవుడి పటం వెనకాల. బయట గోడ అడుగున మూరెడు ఎత్తున జాజు పట్టీ. వానకి చిందే బురద దాని మీద తెలియదు.

పక్కింటి నేత ఆవిడ ఒక చీర ముక్క ఇచ్చింది. అంచు దగ్గర నేత చెడి అమ్ముడుపోనిది. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, నేత చెడ్డ ముక్కకి ఏ గుర్తింపూ ఉండదు. అయినా అది జాందానీయే. పువ్వు ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. కిటికీకి కట్టాక లోపలి నుంచీ బయటి నుంచీ అదే పువ్వు. నా తలుపుకి మంచి జోడీ. మంచానికి సరంగు పాత బోటు తాళ్లలోంచి నారింజ రంగు నైలాన్ తాడు ఏరి అల్లాడు. ఎండకి కొంత వెలిసిన తాడు. కొత్తదైతే ఆ గదిలో కళ్లు పొడిచేది. గడపకి వంద మిల్లీల పసుపు డబ్బా ఒకటి కొన్నారు. మొత్తం రంగుల ఖర్చులో కొట్లో కొన్న ఎనామిల్ అదొక్కటే. దానికి ఆ గర్వం ఉంది.

నా అడుగున మేకుతో మూడు చిల్లులు కొట్టి, ఇసుకమట్టి నింపి, బిళ్ల గన్నేరు నాటారు. ఉప్పుగాలికీ ఇసుకకీ జంకని మొక్క. నీళ్లు మరిచిపోయినా గులాబీ రంగు పూలు పూస్తూనే ఉంటుంది. మెట్టు మీద నిటారుగా కూర్చుని ఉన్నాను. అడుగు తుప్పు పట్టింది, ఇక్కడ ఇనుముకి అది తప్పదు. పిల్ల చూసి, "మామ్మా, డబ్బాకి కూడా జాజు వచ్చింది," అంది. నిజమే, ఆ రెండూ ఒకే జాతి. ఇనుప తుప్పు మట్టిలో ఉంటే జాజు, నా మీద ఉంటే రోగం.

మళ్లీ ఏప్రిల్ దగ్గరకొస్తోంది. ఈసారి ఓనరు బోటుకి ఎరుపు వేయిస్తాడని సరంగు రాత్రి అన్నం దగ్గర చెప్పాడు. మిగిలితే పెరటి తలుపు ఉంది, వంటింటి కిటికీ ఉంది. సరంగు భార్య చేపల పులుసు వడ్డిస్తూ ఆలోచించింది.

"కనకాంబరమైతే పట్టుకురా. రాణి రంగైతే మాత్రం వద్దు."

"ఎరుపంటే ఎరుపేనే. అందులో రకాలేంటి?"

"డబ్బా మూత తీసి చూపించు. నేను చెప్తాను."