వరదకు పహణి లేదు

కోలారు జిల్లాకు ఏ కాలంలో ఏం రావాలో విధానసౌధలో ఎప్పుడో రాసిపెట్టేశారు. వేసవిలో ట్యాంకర్లు, వానాకాలంలో కరువు పరిశీలన బృందం, ఎన్నికల ముందు ఎత్తినహొళె నీళ్ల పథకం. ఈ వరసలో వరదకు చోటు లేదు. అయినా అప్పుడప్పుడూ వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని ఏ శాఖ ఎదురెళ్లి పిలుచుకురావాలో తేలదు. రెవెన్యూ వాళ్లు చిన్న నీటిపారుదల శాఖ వైపు, వాళ్లు పంచాయతీ వైపు, పంచాయతీ వాళ్లు ఆకాశం వైపు చూస్తారు.

2023లో రాష్ట్రంలోని 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలని ప్రకటించారు. అంత పెద్ద జాబితాలో పేరు లేకపోతే మనవాళ్లకు తల కొట్టేసినట్టుంటుంది. కరువంటే మనకొక హోదా. దాని మీద ధర్నాలు చేశాం, ట్రాక్టర్లేసుకుని బెంగళూరు దాకా పోయాం. వరద మీద ధర్నా చేసినవాణ్ణి ఈ జిల్లాలో నేను చూడలేదు.

కోలారులో వరదేమిటని నవ్వేవాళ్లు వాణియంబాడి దాకా ఒకసారి వెళ్లి రావాలి. పాలారు నందికొండల దగ్గర పుట్టి, మన జిల్లా గుండా పారి, కుప్పం పక్కగా ఆంధ్రను తాకి, తమిళనాడులో దిగుతుంది. ‘పారి’ అన్నది మర్యాదకు రాశాను. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో పారేవి ఇసుక లారీలే. ఆ నీళ్ల మీద 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి: కింది రాజ్యం ఒప్పుకోలు లేకుండా పై రాజ్యం కొత్త ఆనకట్టలు కట్టరాదు. పదకొండేళ్లు తిరిగేసరికి, 1903 నవంబరులో, ఎవరి ఒప్పుకోలూ అడక్కుండా నీళ్లన్నీ ఒక్కసారిగా కిందికి వెళ్లిపోయాయి. బేతమంగళ చెరువు కట్ట తెగింది. వాణియంబాడి మునిగింది, మనుషులు పోయారు. ఒప్పందంలో ఆనకట్టల గురించి రాశారు గానీ తెగే కట్టల సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు.

మన చెరువులు ఒంటరిగా ఉండవు. రెండు వేలకు పైగా ఉన్నాయంటారు గానీ, నిజానికి అవన్నీ కొన్ని గొలుసులు. పై చెరువు నిండితే మరవ పారుతుంది, ఆ నీళ్లు రాజకాలువలో పడి కింది చెరువుకి చేరతాయి, అది నిండితే ఇంకా కిందికి. నిత్యం పారే నది ఒక్కటీ లేని సీమలో పాత కాలం వాళ్లు చేసుకున్న ఏర్పాటిది. చాలా తెలివైన ఏర్పాటు, కాకపోతే ఒక షరతుంది: దారి ఖాళీగా ఉండాలి. పై కట్ట తెగిందంటే ఆ గొలుసులోనే దెబ్బ కూడా కిందికి దిగుతుంది. కింది చెరువు తన నీళ్లకు మాత్రమే కట్టింది, పైవాళ్ల నీళ్లన్నీ ఒకే రాత్రి వస్తే అదేం చేస్తుంది?

ఇరవై ఏళ్లు నీళ్లు చూడని చెరువులో మనిషికి వేరే ఆలోచనలొస్తాయి. మొదట నీలగిరి చెట్లు నాటారు. తర్వాత రాగి వేశారు. తర్వాత షెడ్డు, షెడ్డుకు కరెంటు, కరెంటు బిల్లు చూపించి ఖాతా. రాజకాలువ కొలతల పుస్తకంలో ముప్పై అడుగులుంటుంది, నేల మీద రెండడుగుల సిమెంటు పైపుగా కనిపిస్తుంది.

ఇక చెరువు నిండిన రోజు చూడాలి. కట్ట మీద షామియానా వేస్తారు. చేటల్లో పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డ, బెల్లం పెట్టి గంగమ్మకు బాగిన సమర్పిస్తారు. ఒక్క చేట మీద పదకొండు చేతులు, అన్నీ ఫొటో వైపే. ఈ పార్టీ వాళ్లు పొద్దున ఇస్తే ఆ పార్టీ వాళ్లు సాయంత్రం ఇస్తారు, ఎవరి గంగమ్మ వాళ్లది. అదే సమయానికి కట్ట అవతలి కొసన ఒక జేసీబీ నిలబడి ఉంటుంది. చెరువులో సైట్లు కొన్నవాళ్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి కనుక మరవ గండి కొట్టడానికి. ఇక్కడ హారతి, అక్కడ డీజిల్. రెంటి ఖర్చూ ఒకే గుత్తేదారు భరిస్తాడని విన్నాను.

2021 నవంబరు అలాంటిదే. ఏళ్ల తరబడి నోరు తెరుచుకున్న చెరువులు మరవ పారాయి, పాలారు వేలూరు దాకా పొంగింది, బాగినాలకు చేటలు కరువయ్యాయి. మన టమాటా నీళ్లలో కుళ్లింది. పేరున్న మార్కెట్టు మనది, దేశంలో టమాటా కిలో వంద దాటింది, మన రైతు దగ్గర మాత్రం పండు లేదు. ధర వచ్చినప్పుడు పంట ఉండకపోవడం ఇక్కడ ఆచారం.

అలాంటప్పుడు ఏ నాడకచేరి వరండాలోనైనా ఇలాంటి మాటలు వినబడతాయి.

“ఏం సామీ, నా తోటకి వరద పరిహారం రాయవా?”

“కరువు తాలూకాకి వరదెట్ల రాసేదన్నా? కంప్యూటరు తీసుకోదే.”

“మోకాలు లోతు నీళ్లుండాయి, వచ్చి చూడు.”

“చూసినాలే. బోరెండి పోయిన చెట్లెన్ని, నీళ్లు నిలిచి పోయిన చెట్లెన్ని, బేరే బేరే చెప్పు. నష్టం 33 శాతం దాటితేనే లెక్క.”

“అది చెట్లకే తెలీదు సామీ.”

తెలిసినా వచ్చేదెంత? 2022 నాటి కేంద్రం లెక్క ప్రకారం నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల దాకానే. టమాటాకి నిలబెట్టే కర్రలకూ పురికొసకూ చాలదది.

మన జిల్లాలో అన్నిటికంటే పెద్ద వరద మాత్రం ఆకాశం నుంచి రాలేదు. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ గనులు మూతపడ్డాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఛాంపియన్ రీఫ్‌ లాంటి గనుల్లో పంపులాగిపోతే ఏమవుతుంది? నీళ్లు నిండాయి. పైన బిందెలు వరసలో, కింద సొరంగాల నిండా నీళ్లు. దాని మీద బాగిన ఇద్దామంటే షాఫ్టు మూతేశారు. ఇక సైనైడ్ దిబ్బలున్నాయి. వాన పడితే బూడిదరంగు మట్టి కరిగి పల్లానికి దిగుతుంది. బంగారం పైకి వెళ్లిపోయింది, మిగిలింది మనకు కాలువల్లో అందుతోంది.

పోనీ వాన రాకపోయినా చెరువు నింపే మార్గం కనిపెట్టారు. 2018 జూన్ నుంచి బెంగళూరు మురుగునీళ్లను శుద్ధి చేసి, కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం పేరుతో మన చెరువులకు పంపుతున్నారు. రోజుకు 44 కోట్ల లీటర్ల పథకం. మొదటి మజిలీ లక్ష్మీసాగర చెరువు, మరుసటి నెలకే అక్కడ నురగ. హైకోర్టు ఆపింది, మళ్లీ వదిలింది. రాజధానివాళ్లు స్నానం మానితే మనకు కరువు, ఇదీ కొత్త వాతావరణ శాస్త్రం. బోర్లలో నీళ్లు పెరిగాయని రైతులే చెబుతున్నారు, కాదనను. కాకపోతే ముందే నిండిన చెరువులో వాన ఎక్కడ దిగాలి? గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పమంటే ఇంజినీర్లు ఫైలు మీద వేస్తారు.

ఇవి చాలవన్నట్టు ఎత్తినహొళె. 2014లో శంకుస్థాపన, 2024 సెప్టెంబరులో సక్లేశపురం దగ్గర తొలి దశ ప్రారంభం. 8,323 కోట్లతో మొదలైన ఖర్చు 23,251 కోట్లకు చేరింది. ఇంతవరకు మరవ పారింది అంచనా ఒక్కటే. నీళ్లు మాత్రం వానాకాలంలోనే ఎత్తిపోస్తారట, అంటే మన చెరువుల్లో బెంగళూరు నీళ్లు కూర్చుని ఉండగా, పైనుంచి వాన దిగుతుండగా, పడమటి కనుమల నీళ్లు కూడా వచ్చి తలుపు తడతాయి. 2024 ఏప్రిల్‌లో దుబాయ్‌ మునిగినప్పుడు అక్కడున్న మనవాళ్లు వీడియోలు పంపితే ఎడారిలో ఇదేం చోద్యమని ఇక్కడ తెగ నవ్వుకున్నాం.

ఆ మూడు నీళ్లూ కలిసి పోవాల్సిన దారిలో ప్రస్తుతం 30–40 సైట్లు వేసి అమ్ముతున్నారు. తూర్పు ముఖం, బ్యాంకు లోను ఉంది, వాస్తు పక్కా. ఈశాన్యంలో నీళ్లు గ్యారంటీ అంటున్నాడు బ్రోకరు.