ఉక్క వాక్యం: సటీకా తాత్పర్యం

మూలం: "ఏమేవ్! కూర్చున్నచోటే ఉడికిపోతున్నాను. ఆ ఫ్యాను అయిదులో పెట్టి, మజ్జిగలో రెండు ఉప్పురాళ్లు వేసి పట్రా!"

అవతారిక: భీమవరంలో మే నెల మధ్యాహ్నం. ముద్దపప్పూ ఆవకాయతో సుష్టుగా భోంచేసి పడక్కుర్చీలో చేరగిలబడిన ఒకానొక గృహస్థు వంటింటి వైపు తిరిగి ఇట్లు పలుకుచున్నాడు.

ప్రతిపదార్థం: ఏమేవ్ = ఓ ఇల్లాలా; కూర్చున్నచోటే = ఏ పనీ చేయకుండగనే; ఉడికిపోతున్నాను = మిక్కిలి చెమర్చుచున్నాను; అయిదులో పెట్టి = రెగ్యులేటరును తుదకంటా తిప్పి; రెండు ఉప్పురాళ్లు = తగినంత ఉప్పు (లెక్కపెట్టరాదు); పట్రా = లేచి వచ్చు ఓపిక నాకు లేదు గనుక నీవే తెమ్ము.

తాత్పర్యం: వేడిగా ఉన్నది.

విశేషాలు: ఏ పనీ చేయనివాడికి వేడెక్కడిదని పూర్వపక్షం. పైకి చేయకపోయినా లోపల చేస్తూనే ఉంటాడని సమాధానం. గుండె కొట్టుకోవాలి, కాలేయం, మూత్రపిండాలు నడవాలి, కణాల్లోకి చొరబడ్డ సోడియాన్ని క్షణక్షణం బయటికి తోడిపోయాలి. ఒంటి బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు ఈ శక్తి ఖర్చులో అయిదో వంతు తినేస్తుంది, ఆలోచించినా ఆలోచించకపోయినా. అంతా కలిపి, ఊరికే కూర్చున్న మనిషి వెనకటి వంద వాట్ల బల్బంత వేడి పుట్టిస్తాడు. భోజనం అరిగించుకోవడానికే తిన్న శక్తిలో సుమారు పదో వంతు పోతుంది. కనుక పప్పన్నం తిన్నాక ఈ మాట పుట్టడం ఉచితంగానే ఉంది.

ఈ పనులన్నిటికీ కణాల్లో చెల్లే నాణెం ఏటీపీ. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఉండేది కొన్ని పదుల గ్రాములే. విరిగినదాన్ని విరిగినట్టే మళ్లీ కట్టుకుంటూ పోతే, రోజు మొత్తం మీద చెల్లింది దాదాపు మనిషి బరువంత అవుతుంది. 1920లలో హార్వర్డులో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌నూ ఈ ఏటీపీనీ వెలికితీసిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టింది ఈ భీమవరంలోనే. మన గృహస్థుకు ఆ సంగతి తెలిసిన దాఖలా మూలంలో లేదు.

"ఉడికిపోతున్నాను" అన్నది అతిశయోక్తి. నిజానికి లోపల 37 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంది, ఉండేలా మెదడు అడుగున హైపోథాలమస్ కాపలా కాస్తోంది. అది చర్మంలోని రక్తనాళాలను విప్పారజేస్తుంది, స్వేదగ్రంథులను తెరిపిస్తుంది. లీటరు చెమట ఆరితే 580 కిలోక్యాలరీల దాకా వేడి పట్టుకుపోతుంది. ఆరితేనే సుమా! ముక్కు చివరి నుంచి బొట్టుబొట్టుగా బనీను మీద రాలేది వృథా వ్యయం. అనంతపురం పొడిగాలిలో ఎండ ఇంతకంటే ముదిరినా చెమట పుట్టీపుట్టగానే ఆరుతుంది. భీమవరంలో చుట్టూ చేపల చెరువులు, దాపున సముద్రం. గాలి అప్పటికే తేమ తాగి కూర్చుంది, ఇంకా ఎక్కడ తాగుతుంది?

ఫ్యాను గదిని చల్లబరుస్తుందని కొందరు. అది చింత్యం. మోటారు వేడి వల్ల గది రవంత వేడెక్కుతుంది కూడాను. చర్మాన్ని అంటుకున్న తడిగాలిని తరిమి, దానికన్నా కాస్త తక్కువ తడిదాన్ని తెచ్చిపెట్టడమే దాని పని.

ఉప్పు రుచికని ప్రాచీనులు, చెమటతో పోయిన సోడియానికని నవీనులు. రెండూ గ్రాహ్యమే. బీపీ ఉన్నవారు ఈ పాఠాన్ని వైద్యుణ్ణి అడిగి గ్రహించాలి.

ఇక పొయ్యి సెగ ముందు ఇంతసేపు నిలబడి ఆ పప్పు వండిన ఆవిడ చెమట మూలంలో ఒక్క అక్షరమైనా ఎక్కలేదు. ఇది వక్తృదోషం. వంటింట్లోంచి వచ్చిన ప్రతివాక్యం మాత్రం కొన్ని ప్రతులలో కనిపిస్తోంది: "కరెంటు పోయి పది నిమిషాలైంది. మజ్జిగ కుండలో ఉంది, ఉప్పుజాడీ పక్కనే ఉంది, లేచి కలుపుకోండి." లేవడమంటే కండరాలతో పని. అవి ఖర్చుపెట్టే శక్తిలో పనికి దక్కేది పావు వంతుకు మించదు, తక్కినదంతా వేడే. కాబట్టి గృహస్థు కుండ దగ్గరకు చేరేసరికి మరికొంత చెమట పట్టుననీ, ఆ మజ్జిగ ఆవిడకూ ఒక గ్లాసు కలపవలెననీ వ్యాఖ్యాత మతం.