ఎట్లుందన్నా హోటలు

బెళుగుప్ప బస్టాండు దగ్గర దిగితే ఈయన కనిపిస్తాడు. ఇక్కడ తప్పిపోయినా కళ్యాణదుర్గంలోనో ఉరవకొండలోనో దొరుకుతాడు. బెంగుళూరులో కొన్నేండ్లు పనిచేసి, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఊరికొచ్చి ఉగ్గాని హోటలు పెట్టినవాడు. కస్టమరే దేవుడని నమ్మినవాడు. మామూలు భక్తుడు నైవేద్యం పెట్టి దండం పెట్టుకుని పోతాడు. ఈయన మాత్రం పక్కనే నిలబడి, మొదటి ముద్ద నోట్లో ఉండగానే, “ఎట్లుందన్నా?” అంటాడు.

మా సీమలో బోరు వేస్తే నీళ్ళు పడతాయో లేదో చెప్పలేం గానీ, అభిప్రాయం అడిగితే మాత్రం ఎక్కడైనా పడుతుంది.

“కారం ఎక్కువైందప్పా” అన్నాడొకాయన. మర్నాడు పచ్చిమిరపకాయలు సగం చేశాడు. “ఇది ఉగ్గానినా, ఆస్పత్రి తిండా?” అన్నాడింకొకాయన. బొరుగులు ఇంకాసేపు నాననీమన్నారు. నానబెడితే ముద్దయిందన్నారు. గాలిమరల పనికొచ్చిన పిల్లోళ్ళు పరోటా లేదా అన్నారు. పరోటా వచ్చింది. షుగరున్న పంతులుగారు రాగిసంకటి అడిగారు. అదీ వచ్చింది. వచ్చిన రోజునుంచీ పంతులుగారు రాలేదు. బోర్డులో మొదట ఉన్న ఉగ్గాని ఇప్పుడు ఆరో వరసలో, నూడుల్స్ కింద ఉంది.

సలహాలన్నీ ఆయన ఒక నోటుబుక్కులో రాసుకుంటాడు. అదే బుక్కు వెనకనుంచి తిప్పితే అప్పుల ఖాతా. ముందువైపు ఎవరి పేర్లు ఎక్కువగా ఉన్నాయో వెనకవైపూ వాళ్ళవే.

సందు చివర ఒక అవ్వ కూడా ఉగ్గాని, బజ్జీ అమ్ముతుంది. ఎవర్నీ ఏమీ అడగదు. ఎంగిలి ప్లేట్లు మాత్రం తానే తీస్తుంది. మిరపకాయ ముక్కలు ఏరి అంచున పెట్టి ఉంటే రేపటికి రెండు తగ్గిస్తుంది. పప్పుల పొడి రాలింది రాలినట్టు తుడిచి తినేసి ఉంటే దాని జోలికి పోదు. తొమ్మిదయ్యేసరికి బాండలి బోర్లిస్తుంది.

అడక్కుండా చూసి తెలుసుకునే ఈ కిటుకు మన శెనక్కాయ పంటకూ పనికొచ్చింది. 1940లో వచ్చిన టీఎంవీ-2 రకాన్ని, ఆ తర్వాత ఎన్ని కొత్తవి వచ్చినా, మా అనంతపురం జిల్లా అరవై ఏండ్లకు పైగా వదల్లేదు. కొత్త రకం ఎట్లుందని ఆఫీసరు అడిగితే బాగుందనక ఏమంటారు? విత్తనం గొర్రు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ పాతదే. చివరికి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు రకరకాల విత్తనాలను రైతుల చేలల్లోనే వేయించి, వాళ్ళు దేన్ని ఏరుకుంటారో చూశారు. ఐసీజీవీ 91114 అట్లా తేలింది. వాన మొహం చాటేసినా తట్టుకుంటుంది, కాయలన్నీ ఒక్కసారే పండుతాయి. దాని కట్టె మేసిన పశువులు పాలు ఎక్కువిచ్చాయని కూడా లెక్క తేలింది. ఆ పశువుల్ని ఎవరూ “ఎట్లుందమ్మా?” అని అడగలేదు.

అడగొద్దని కాదు. నోరు మొహమాటానికి ఒకటి చెబుతుంది, గొప్పకు ఇంకొకటి చెబుతుంది. ప్లేటుకు ఆ రెండూ లేవు. మన ఓనరు ఆ ప్లేటు చూడటం నేర్చుకుంటే హోటలు నిలబడుతుంది.

ఈలోగా మీరు బెళుగుప్ప వస్తే, ఆయన “ఎట్లుందన్నా?” అంటే, దయచేసి కొత్త సలహా ఇవ్వకండి. డబ్బులిచ్చి, మర్నాడు మళ్ళీ వెళ్ళి తినండి.