నారింజ చొక్కాలోళ్ళకి ఉచిత సలహా

మా సాలూరులో లారీ లేని ఇల్లు ఉండొచ్చు గానీ, లారీ గురించి సలహా చెప్పలేని మనిషి ఉండడు. క్రికెట్టుకీ అదే రోగం. కాకపోతే లారీ గురించి తప్పుడు సలహా చెబితే సుంకి ఘాట్ ఎక్కేసరికి బయటపడిపోతుంది, బండివాడు తిరిగొచ్చి చొక్కా పట్టుకుంటాడు. క్రికెట్ సలహా విని నష్టపోయినవాడు మాత్రం ఎవడూ తిరిగి రాడు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

నా అనుభవం మీద అనుమానం అక్కర్లేదు. 2008లో డెక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున కూర్చున్నప్పటి నుంచీ నేను హైదరాబాదు మనిషిని. మరుసటేడే దక్షిణాఫ్రికాలో కప్పు కొట్టారు. 2012 దాటేసరికి ఆ జట్టే లేకుండా పోయింది. సన్‌రైజర్స్ వచ్చింది, 2016లో కప్పు తెచ్చింది, అక్కడితో ఆగితే బాగుండేది. 2021లో ఆఖరు. 2022లో పదింటిలో ఎనిమిది. 2023లో మళ్ళీ ఆఖరు. 2024లో ఫైనల్ దాకా వెళ్ళి చెన్నైలో 113కే కుప్పకూలారు. 2025లో ఆరో స్థానం. ఇన్ని రకాలుగా ఓడిపోవడం చూసినవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడుంటే నా దగ్గరికి పంపండి, టీ నేనిప్పిస్తాను.

ముందుగా, సీజన్ మీద తీర్పు మొదటి మ్యాచ్ రోజునే చెప్పేయాలి. ఆలస్యం చేస్తే నిజాలు అడ్డమొస్తాయి. 2025 మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద మనవాళ్ళు 286 కొట్టారు. ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106, నాటౌట్. మర్నాడు పొద్దున్నే బాడీ షెడ్డుకి వెళ్ళి, ఈ ఏడు మూడొందలు ఖాయం, కప్పు ఖాయం, కావాలంటే రాసిస్తానన్నాను. షెడ్డు మేస్త్రి రాసిమ్మని కాగితం కూడా తెచ్చాడు. రాసిచ్చాను. ఆ వెంటనే వరసగా నాలుగు ఓడారు. కాగితం ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. ఈ సలహాలో ఉన్న ఒకే ఒక్క లోపం ఆ కాగితం. తీర్పు నోటితోనే చెప్పండి.

జట్టు కష్టాల్లో ఉన్నప్పుడు స్టేడియానికి వెళ్ళి ధైర్యం చెప్పాలి. ఆ నాలుగింటిలో ఒకటి మార్చి 30న విశాఖలో జరిగింది. ఆదివారం, పైగా ఉగాది. పచ్చడి నాకి, పంచాంగం వినకుండానే, నారింజ చొక్కా తొడుక్కుని విజయనగరం బస్సెక్కాను. అక్కడ ఇంకో బస్సు మారి పీఎం పాలెం చేరేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. విశాఖ మనది, జట్టు మనది, తీరా చూస్తే ఆ రోజు ఇంటివాళ్ళు ఢిల్లీ క్యాపిటల్స్, మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం! సొంతూళ్ళో చుట్టంగా కూర్చుని మ్యాచ్ చూడటం అందరికీ దొరికే భాగ్యం కాదు. నేను సీటు వెతుక్కుంటుంటే మొదటి ఓవర్లోనే అభిషేక్ శర్మ రనౌట్. కూర్చుని సీసా మూత తీసేలోపు ఇంకొకడు. పవర్‌ప్లే అవకముందే నాలుగు. స్టార్క్ మొత్తం ఐదు తీశాడు. అనికేత్ వర్మ అనే కుర్రాడు ఒక్కడే 74 కొట్టి పరువు దక్కించాడు. 163కి అందరూ అవుట్. ఆ పరుగులు ఢిల్లీవాళ్ళు 16 ఓవర్లలో కొట్టి పారేశారు. ఉగాది పచ్చడిలో ఆరు రుచులుంటాయంటారు. వేపపువ్వు ఒక్కటీ నాలిక మీద ఉంచుకుని అర్ధరాత్రికి సాలూరు చేరాను. మా ఆవిడ తలుపు తీసి, "పంచాంగంలో మీ రాశికి అవమానం ఐదని సెప్పినారు, విని ఎళ్ళొచ్చు గదా," అంది. అందుకే ఈసారి మ్యాచ్ విశాఖలో పడితే మళ్ళీ వెళ్ళండి, కానీ పంచాంగం విని వెళ్ళండి.

ఓడినప్పుడు కోపం ఎవరి మీద చూపించాలన్నది పెద్ద శాస్త్రం. బాగా ఆడేవాడి మీద చూపించాలి. ఆడలేనివాణ్ణి తిడితే ఏం లాభం? ఇందులో మన జిల్లాల వాళ్ళకి చరిత్రే ఉంది. 1936లో ఇంగ్లండుకి వెళ్ళిన భారత జట్టుకి కెప్టెన్ మన విజయనగరం మహారాజకుమార్ విజ్జీగారు. ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ తప్పాడని మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా ఓడెక్కించి ఇంటికి పంపేశారు. మూడు టెస్టుల్లో రెండు ఓడిపోయాం. కెప్టెన్‌గారు ఆరు ఇన్నింగ్స్‌లలో 33 పరుగులు చేశారు. అదే వేసవిలో ఆయనకి సర్ బిరుదు వచ్చింది. దారి ఎంత శుభ్రంగా ఉందో చూశారా! 2021లో మన సన్‌రైజర్స్ ఆ దారినే పట్టింది. 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చిన వార్నర్‌ని సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి దించారు, ఆ తర్వాత జట్టులోంచే తీశారు. ఆ ఏడు ఆఖరి స్థానం వచ్చింది. బిరుదు మాత్రం ఎవరికీ రాలేదు.

నేనూ పెద్దల బాటే. మా వాట్సాప్ గుంపులో 2025 ఏప్రిల్ 6 రాత్రి ఓటింగ్ పెట్టాను. అప్పటికి అభిషేక్ ఐదు మ్యాచుల్లో కలిపి 51 పరుగులు చేశాడు. తీసెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. గుంపులో ఉన్న ఆరెంపీ డాక్టరుగారు రెండుసార్లు ఓటేశారు. ఏప్రిల్ 12న పంజాబ్ 245 కొట్టింది. చచ్చామనుకుని టీవీ ముందు కూలబడితే ఆ తీసేసిన కుర్రాడే మొదలుపెట్టాడు. మధ్యలో క్యాచ్ ఇస్తే అది నోబాల్! సరిగ్గా అదే సమయానికి మా ఆవిడ వంటింటి గడప మీద గరిటె పట్టుకుని నిలబడి ఉంది. మీకీ పాటికి అర్థమయ్యే ఉంటుంది. "కదలకు," అన్నాను.

"ఏటి కదలకు? పొయ్యి మీద పప్పుంది."

"ఉండనీ. నువ్వక్కడే ఉండు. ఇంకో రెండు ఓవర్లు."

"నానేటి దిష్టిబొమ్మనేటి?"

అంది గానీ నిలబడింది. పాపం కాసేపటికి ఆవిడకీ లెక్క తెలిసిపోయింది, ఫోరు పోతే గరిటె ఎడమ చేతిలోకి, సిక్సు పోతే కుడి చేతిలోకి మార్చడం తనే మొదలుపెట్టింది. 55 బంతుల్లో 141. తొమ్మిది బంతులుండగానే గెలిచాం. పప్పు అడుగంటి, గిన్నె మర్నాడు ఇసకేసి తోమినా వదల్లేదు. ఆ గిన్నెని నేను పారేయనివ్వలేదు. ఇక సలహా ఏమిటంటే, మనిషిని కదలనివ్వకపోవడం మంచిదే, ముందు స్టవ్ కట్టేయించండి. నేను ఆ తర్వాతి రెండు ముంబై మ్యాచులకీ ఆవిణ్ణి గడప మీదే నిలబెట్టాను. రెండూ ఓడారు. స్టవ్ కట్టేయడం వల్లేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

మే నెల వచ్చేసరికి ఆట అయిపోయి లెక్కలు మొదలవుతాయి. ఇది అసలు పండగ. మే 2న గుజరాత్ చేతిలో ఓడాక పది మ్యాచుల్లో మూడే విజయాలు, ఆరు పాయింట్లు. తెలివైనవాడు అక్కడితో టీవీ కట్టేస్తాడు. మనం లెక్కేయాలి. ఇంకా నాలుగున్నాయి, నాలుగూ గెలిస్తే 14. 2024లో బెంగళూరు మొదటి ఎనిమిదిలో ఏడు ఓడి కూడా 14తోనే ప్లేఆఫ్‌కి వెళ్ళింది గదా. మనిషిని నాశనం చేయడానికి ఇలాంటి ఉదాహరణ ఒక్కటి చాలు. షెడ్డులో అప్పుడే కొత్త బండికి కట్టిన సైడు చెక్క మీద సుద్దముక్కతో మొదలుపెట్టాను. ముంబై ఫలానాది ఓడాలి, ఢిల్లీ ఇన్ని ఓడాలి, నెట్ రన్‌రేటు మైనస్ ఒకటి దాటిపోయింది కాబట్టి మనం ఇంత తేడాతో గెలవాలి. చెక్క చాలక రెండో చెక్కకి వెళ్ళాను.

మేస్త్రి రివెట్లు కొట్టడం ఆపి వచ్చాడు. "ఏటి బావూ, ఏ బండి లెక్కది?"

రన్‌రేటు అన్నాను. మనం కొట్టిన పరుగుల్ని ఆడిన ఓవర్లతో భాగించాలి, అవతలివాళ్ళు మన మీద కొట్టినవి వాళ్ళ ఓవర్లతో భాగించి అందులోంచి తీసేయాలి. ఇక్కడొక మెలిక ఉంది. జట్టు ఆలౌట్ అయితే పదిహేను ఓవర్లే ఆడినా పూర్తి ఇరవై ఆడినట్టే లెక్క.

మేస్త్రికి నచ్చలేదు. "అదేటి అన్నాయం బావూ. బండి పొట్టంగి కాడ సెడిపోతే రాయపూర్ దాకా డీజిల్ కొట్టినట్టేనా?"

"అంతే."

"మరి ఆ ఓనరు ఎవుడో గానీ నాలాటోణ్ణి పెట్టుకున్నా బాగుణ్ను," అని సుద్దముక్క తీసుకుని తనూ కూడాడు. ఆయన కూడికలో హైదరాబాదు మూడో స్థానంలో వచ్చింది. ఎక్కడో సున్నా ఎక్కువైంది, తెలిసీ నేను చెప్పలేదు. మీకూ అదే చెప్తున్నాను. లెక్క కలిసొచ్చిన చోట ఆపేయండి, సరిచూడొద్దు.

లెక్క అయ్యాక మొక్కు. ఆ మేలోనే మా ఊళ్ళో చాన్నాళ్ళకి శ్యామలాంబ పండగ వచ్చింది. అమ్మవారు మామూలు రోజుల్లోనే మాట వింటుంది, పండగ ముందు ఇంకా వింటుంది. మే 5న ఉప్పల్‌లో మళ్ళీ ఢిల్లీతో. అమ్మా, ఢిల్లీవాళ్ళ వికెట్లు పేకమేడలా పడిపోవాల, నీకు పదకొండు కొబ్బరికాయలు, అన్నాను. మొదటి బంతికే వికెట్ పడింది. కమిన్స్ ఒక పక్క నుంచి పీకేస్తుంటే 29కి ఐదు! చివరికి 133. మనవాళ్ళు కొట్టడానికి రెండు గంటలక్కర్లేదు. అప్పుడు వాన పట్టుకుంది. అలా పట్టుకున్న వాన మన బ్యాటు ఒక్క బంతి కూడా చూడకుండానే మ్యాచ్ రద్దు చేయించి గానీ పోలేదు. చెరో పాయింటు. మనకి సీజన్ అక్కడితో సరి.

అమ్మవారి మీద మాట రానివ్వకూడదు. నేనడిగింది ఇచ్చింది, వికెట్లు పడ్డాయి. వాన సంగతి మొక్కులో లేదు. కొబ్బరికాయలు పదకొండూ కొట్టి వచ్చాను. కాబట్టి మొక్కుకునేటప్పుడు అద్దె అగ్రిమెంటు రాసుకున్నట్టు అన్ని షరతులూ విడివిడిగా చెప్పండి: వాన, టాసు, మంచు, నోబాల్, కరెంటు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇక ఏ గెలుపూ పనికిరాదని తేలాక మిగిలిన మూడూ గెలిచారు. ఆఖరిది ఢిల్లీలో కోల్‌కతా మీద, 278 పరుగులు. క్లాసెన్ 37 బంతుల్లో వంద. మా వీధిలో ఆ రాత్రి టపాకాయలు కాల్చింది నేనొక్కణ్ణే. పక్కింటి మాష్టారు బయటికొచ్చి ఏం గెలిచారని అడిగితే ఆరో స్థానం అన్నాను. ఆయన ఏమీ అనకుండా లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. ఇలాంటివాళ్ళతో చర్చ పెట్టుకోవద్దు.

స్టెప్నీ జట్టు ఒకటి పెట్టుకోండని చాలామంది చెబుతారు. మంచి మాటే, కానీ స్టెప్నీలో గాలి ఎప్పటికప్పుడు చూసుకోవాలి. నేను పదేళ్ళు బెంగళూరుని స్టెప్నీగా మోశాను. వీళ్ళకి ఈ జన్మలో కప్పు రాదని 2025 ఏప్రిల్లో విప్పి పారేశాను. జూన్ 3న పద్దెనిమిదేళ్ళకి మొదటిసారి కప్పు కొట్టారు.

అమెరికాలో మా మేనల్లుడున్నాడు. మావయ్యా, తొమ్మిదేళ్ళకే ఇంత ఏడుపేటి, ఇక్కడ చికాగో కబ్స్ అని బేస్‌బాల్ జట్టొకటుంది, 1908లో గెలిచినవాళ్ళు మళ్ళీ 2016లో గెలిచారు అన్నాడు. నూట ఎనిమిదేళ్ళు. మధ్యలో 1945లో ఒక హోటలాయన తన మేకని తీసుకుని మ్యాచ్‌కి వెళితే కంపు కొడుతోందని బయటికి పంపేశారట, ఆయన శాపం పెట్టాడని అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకున్నారట. వాళ్ళూ 2016, మనమూ 2016. ఇందులో ఏదో సంబంధం ఉంది. ఉప్పల్ గేటు దగ్గర ఎవరి మేకనైనా ఆపారేమో తెలుసుకునే పనిలో ఉన్నాను. లేదంటే ఆ లెక్క ప్రకారం మనకింకా తొంభై తొమ్మిదేళ్ళు టైముంది, తొందరేం లేదు.

చివరగా, ఇక క్రికెట్ చూడనని ఒట్టు పెట్టుకోండి. నలుగురిలో గట్టిగా పెట్టుకోండి. వేలం డిసెంబరులో గానీ రాదు కాబట్టి ఆ ఒట్టు ఆరు నెలలు హాయిగా నిలబడుతుంది.

నేను లెక్కలేసిన చెక్కలకి మర్నాడే పెయింటరు ప్రైమరు కొట్టి, దాని మీద రంగేసేశాడు. బండి రాయపూర్ లైనుకి వెళ్ళిపోయింది. మొన్న కార్తీకంలో ఘాట్‌లో ఏదో రాసుకుని సైడు డోరు గీరుకుపోతే మళ్ళీ మా షెడ్డుకే తెచ్చారు. రంగు లేచిన చోట తెల్లగా ఒక పద్నాలుగు, పక్కన సగం మైనస్ గుర్తు కనిపిస్తున్నాయి. క్లీనరు కుర్రాడు వేలితో రుద్ది చూసి, "ఇది ఎన్ని టన్నుల లెక్క బావూ?" అనడిగాడు. మేస్త్రి నా వైపు చూశాడు. పాత లోడు, దిగలేదు, అన్నాను. మేస్త్రి జేబులోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు.