పన్నెండు అడుగుల పైన

నేను వెదురు నిచ్చెనని. మన్యంలో పెరిగిన రెండు గట్టి బొంగులు రాజమండ్రి మీదుగా బందరు అడితికి చేరితే, వాటిని పక్కపక్కన పడుకోబెట్టి, బెజ్జాలు తొలిచి, సరుగుడు మెట్లు దూర్చి, ఇనప తీగతో బిగించి నన్ను తయారుచేశారు. సరుగుడు మాత్రం ఇక్కడిదే, మంగినపూడి దారిలో ఇసుక నేలల్లో పెరిగింది. నన్ను కొని ఆటో మీద కట్టుకుని తెచ్చుకున్నది గిలకలదిండిలో కాపురముండే ఒక రంగుల మేస్త్రి. ఆయన పేరు చెప్పను. నా మీద ఎక్కిన కుర్రాళ్ల పేర్లూ చెప్పను. వాళ్లకి ఏం దక్కాలో, ఏం దక్కలేదో అది చెప్తాను.

ఉప్పుగాలి కొట్టే ఊళ్లో రంగుకి ఆయుష్షు తక్కువ. గుడివాడలో నిలిచినన్నాళ్లు ఇక్కడ నిలవదు. గోడ అడుగు నుంచి చెమ్మ పైకి పాకి లప్పం పొక్కులు లేస్తుంది, కిటికీ చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, నిరుడు వేసిన రంగు ఈ ఏడు గోరుతో గీకితే రాలుతుంది. అందుకే మేస్త్రికి పని కరువు లేదు. దసరాకి ముందు, సంక్రాంతికి ముందు ఇళ్లు; మధ్యలో పెళ్లిళ్ల వాళ్ల ఇళ్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ హార్బరులో బోట్ల పని. గట్టుకెక్కించిన బోటుకి పాత రంగు గీకి, పగుళ్లు పూడ్చి, కొత్త రంగు వేయాలి. నిప్పులు చెరిగే ఎండలో, తలకి తువ్వాలు చుట్టుకుని, థిన్నరు వాసన పీలుస్తూ వేస్తారు. అక్కడ నన్ను ఆనించడమే పెద్ద పని. కింద బురద, డీజిలు జిడ్డు, చేపల తడి. నా కాళ్లకి నమ్మకమైన నేల దొరకదు.

నిచ్చెన పనికి ఒక పద్ధతి ఉంది. నాలుగు అడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడకి దూరంగా కాళ్లు పెట్టాలి. కింద ఒక మనిషి పట్టుకోవాలి. చివరి మూడు మెట్ల మీద నిలబడకూడదు. నేను వెదురునని కరెంటు తీగల దగ్గర ధైర్యం చేయకూడదు, వానకి తడిసిన వెదురు కరెంటుని ఆపలేదు. ఇవన్నీ మేస్త్రికి తెలుసు, కుర్రాళ్లకీ తెలుసు. కానీ పని గుత్తకి ఒప్పుకున్నది. చదరపు అడుగుకి ఇంతని బేరమాడి ఒప్పుకున్నాక, కింద పట్టుకునే మనిషికి రోజుకూలి ఎక్కడి నుంచి తీయాలి? ఆ మనిషి కూడా ఒక బ్రష్షు పట్టుకుని పక్క గోడకి వెళ్లిపోతాడు. నేను ఒంటరిగా నిలబడతాను.

2021 వానాకాలంలో అలాగే నిలబడ్డాను. రెండంతస్తుల ఇల్లు. ముందురోజు రాత్రి వాన పడింది, నల్లమట్టి పైపైన ఆరి లోపల మెత్తగా ఉంది. పాతికేళ్ల కుర్రాడు, మేస్త్రిని బాబాయ్ అని పిలిచేవాడు, డబ్బా నడుముకి తగిలించుకుని పిట్టగోడ దాకా ఎక్కాడు. నా కుడికాలు కింద నేల మెల్లగా కుంగింది. మెట్టు విరగలేదు, తీగ తెగలేదు. నేను పక్కకి ఒరిగాను, వాడు నా కంటే ముందు నేల మీదున్నాడు. వెన్నుపూస దెబ్బతింది. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది.

సాయంత్రానికే ఒక మాట పుట్టింది: తాగి ఎక్కాడట. వాడి రెండు చేతులూ నా బొంగుని పట్టుకున్న తీరు నాకు తెలుసు. ఆ చేతులు వణకలేదు. అయినా ఆ మాట ఎందుకు పుడుతుందో చెప్పాలి. తాగి పడ్డాడంటే ఇక ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదని ఊళ్లో నమ్మకం. అది నిజం కాదు. ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం మిగతా గాయాలకైతే మత్తు సాకు చెల్లొచ్చు గానీ, మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వికలాంగుడైనా ఆ సాకు యజమానిని కాపాడదు. ఈ ఒక్క సంగతి తెలియక, ఎన్ని కుటుంబాలు సిగ్గుతో తలవంచుకుని, అడగాల్సింది అడగకుండా వెళ్లిపోయాయో.

మేస్త్రి పారిపోలేదు. ఆస్పత్రికి తనే తీసుకెళ్లాడు. బండి అమ్మాడు. ఇంట్లో ఉన్న బంగారం తాకట్టుకి వెళ్లింది. పెద్దమనుషులు కూర్చున్నారు, ఒక మొత్తం అనుకున్నారు, తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించారు, అందరూ అది అయిపోయిందనే అనుకున్నారు. అప్పుడు కుర్రాడి మేనమామ కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లి అడిగివచ్చాడు. ఆ కాగితానికి చట్టంలో విలువ లేదు. ప్రాణం పోయిన కేసులో పరిహారం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేస్తేనే ఇచ్చినట్టు లెక్క. చేతికి ఇచ్చింది లెక్కకి రాదు. వైకల్యమైతే ఒప్పందాన్ని ఆయన దగ్గర నమోదు చేయించాలి. హక్కు వదులుకుంటున్నానని కార్మికుడే రాసిచ్చినా ఆ రాత చెల్లదు.

లెక్క ఎంతయ్యిందో నేను వసారాలో గోడకి ఆనుకుని విన్నాను. 2020 జనవరి నుంచి నెలజీతం 15,000 రూపాయల దాకా లెక్కలోకి తీసుకుంటారు. శాశ్వత పూర్తి వైకల్యానికి అందులో 60 శాతం, అంటే 9,000. పాతికేళ్ల వయసుకి చట్టం పట్టికలో ఉన్న గుణకం 216.91. రెండూ హెచ్చవేస్తే 19,52,190 రూపాయలు. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, పైన జరిమానా కూడా పడొచ్చు. ఆ అంకె విని మేస్త్రి భార్య, "ఏవండీ, ఈ ఇల్లమ్మినా రాదు కదండీ" అంది. ఆయన మాట్లాడలేదు.

ఇక్కడ ఇద్దరికీ న్యాయం కావాలి. కుర్రాడికి ఆ పంతొమ్మిది లక్షలు దయ కాదు, ఇక నడవలేని నలభై ఏళ్ల బతుకుకి బదులు. మేస్త్రి పెద్ద కంపెనీ కాదు; పొద్దున కూలీలతో పాటు సద్దన్నం తిని, వాళ్లతో పాటు ఎక్కే మనిషి. చట్టం ఆయన్ని యజమాని అంటుంది, సరిగ్గానే అంటుంది. కానీ అంత బరువు ఒక్క నిచ్చెన, నాలుగు బ్రష్షులు ఆస్తిగా ఉన్న మనిషి ఒంటిచేత్తో మోయలేడు. మోయడానికి నలుగురి డబ్బూ ఒకచోట చేరే ఏర్పాటు ఒకటుంది. దాన్నే ఇన్సూరెన్సు అంటున్నారు.

ఆ ఏర్పాటు బందరుకి కొత్త కూడా కాదు. ఈ చట్టమే కార్మికుల నష్టపరిహార చట్టం పేరుతో వచ్చిన 1923లోనే ఈ ఊళ్లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. ఆ చట్టం 1924 జూలై 1న అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడు, 1925లో, ఆయనే ఇక్కడ ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ పెట్టారు. 1864 నవంబరు ఉప్పెన ఒక్కరాత్రిలో ముప్పై వేల మందిని పొట్టనపెట్టుకున్న ఊరు ఇది. నష్టం ఎలా వస్తుందో ఎవరూ నేర్పక్కర్లేదు. 1956లో జీవిత బీమా, 1973 జనవరిలో సాధారణ బీమా జాతీయమయ్యాయి, ఇక్కడి కంపెనీల పేర్లు మాసిపోయాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక ఆ పేరున్న బోర్డు దించడానికి వెళ్లింది కూడా మా మేస్త్రి జట్టే. నన్ను ఆ గోడకే ఆనించారు. ఇన్సూరెన్సు కంపెనీలు పుట్టిన ఊళ్లో, ఆ బోర్డు దించిన కూలీలకి ఇన్సూరెన్సు లేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఏజెంటు వచ్చింది ప్రమాదం తర్వాతే. ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా గుర్తున్నవి చెప్తాను. చట్టం కాపాడే పనుల జాబితాలో భవనాల నిర్మాణం, మరమ్మతు, నిర్వహణ ఉన్నాయి. భవనం ఒక అంతస్తు దాటి ఉండాలి, లేదా నేల నుంచి కప్పు కొస దాకా 12 అడుగులు ఉండాలి. ఓడలకి రంగు వేసే పనైతే ఆ పేరుతోనే జాబితాలో ఉంది. నేను ఆనుకునే గోడల్లో పన్నెండు అడుగులకి తక్కువైనవి ఎన్ని? దాదాపు లేవు. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా స్మృతి తర్వాత ఈ పాత చట్టాన్ని తనలో కలుపుకుంది, యజమాని బాధ్యత మాత్రం పోలేదు.

"మేస్త్రిగారూ, కూలీలకి మీరు ఏడాదికి ఇచ్చే మొత్తం కూలి ఎంతో నిజంగా చెప్పండి. తగ్గించి చెబితే ప్రీమియం తగ్గుతుంది, కానీ రేపు క్లెయిము దగ్గర కూడా కోత పడుతుంది" అన్నాడు ఏజెంటు. పని ఏ ఎత్తులోనో కూడా దాచకూడదట. ఆస్పత్రి ఖర్చు కావాలంటే అదనంగా అడిగి రాయించుకోవాలి, దానంతట అది రాదు. మేస్త్రి తనూ నిచ్చెన ఎక్కుతాడు గానీ, కూలీల కోసం తీసుకునే పాలసీ ఆయనకి వర్తించదు. అది కూలీల పట్ల ఆయనకున్న బాధ్యతకే. తన ఒంటికి తను వేరే ప్రమాద బీమా తీసుకోవాలి. ఈ మాట విని ఆయన భార్య గట్టిగా పట్టుబట్టింది, ఆయన ప్రమాద బీమా ముందు రాయించమంది. నేనైనా అదే చెప్పేదాన్ని.

ఇంకొకటి, బయటివాళ్లకి జరిగే నష్టం. పైనుంచి డబ్బా జారి దారిన పోయేవాళ్ల తలమీద పడొచ్చు. ఎనామెల్ చిందితే పక్కింటి కారు పాడు. హార్బరులో థిన్నరు టిన్ను పక్కనే నైలాను వలల గుట్టలుంటాయి. ఎవరైనా బీడీ పారేస్తే ఒక కుటుంబం ఏడాది కష్టం బూడిదే. దానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ వేరే ఉంటుంది. ఏ గోడ మీద పనిచేస్తున్నామో ఆ గోడ పాడైతే మాత్రం అలాంటి పాలసీలు చాలావరకు ఇవ్వవు. అది చేతిపని మంచితనంతోనే కాపాడుకోవాలి.

కుర్రాడికి చివరికి అందినది చెప్తాను. బ్యాంకు ఖాతా ఉన్నప్పుడే ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరి ఉంటే, ఏడాదికి 12 రూపాయలతో రెండు లక్షలు వచ్చేవి. చేరలేదు. ఇప్పుడు దాని ప్రీమియం 20 రూపాయలు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదుకి ఏడాదిలో 90 రోజుల పని ఉండాలి. వాడికి ఉంది. కార్డు తీసుకోలేదు. మేస్త్రి కడుతున్నాడు, నెలనెలా, ఒప్పుకున్న వాయిదాల ప్రకారం. వాడు చక్రాల కుర్చీలో కూర్చుని అక్క కొట్లో లెక్కలు చూస్తున్నాడు.

మేస్త్రి ఇప్పుడు కొటేషను మూడు వరుసల్లో రాస్తాడు: రంగు, కూలి, ఇన్సూరెన్సు. మూడో వరుస చూసి కొందరు మొహం చిట్లిస్తారు. "మీ కూలీల ఇన్సూరెన్సు మా చేత కట్టిస్తారా?" అంటారు. "మీ గోడ ఎక్కడానికే కదండీ వాళ్లొచ్చేది" అంటాడాయన. కొన్ని పనులు పోయాయి. మూడో వరుస లేకుండా రాసేవాళ్లకి వెళ్లాయి. వాళ్ల నిచ్చెనలూ నా లాంటివే, వాళ్ల కుర్రాళ్లూ ఆ పాతికేళ్లవాళ్లే. ఇంటి రంగు ఎంచుకోవడానికి పది నమూనాలు చూసే ఇంటివాళ్లు, ఎక్కే మనిషికి పాలసీ ఉందా అని ఒక్కమాట అడగాలి. అందరూ అడిగితే ఏ మేస్త్రీ ఆ వరుస కొట్టేయలేడు.

ఈ ఏడు వేట నిషేధంలో ఒక బోటు యజమాని పని త్వరగా కావాలన్నాడు. మేస్త్రి మరో ఇద్దర్ని పిలిచాడు. పొద్దున్నే ఆరుగురు వచ్చి బ్రష్షులు తడుపుతున్నారు. పాలసీలో నలుగురే ఉన్నారు. ఆయన ఏజెంటుకి ఫోను చేసి, ఇద్దర్నీ కలిపినట్టు కాగితం ఫోనుకి వచ్చేదాకా ఎవర్నీ నా మీద కాలు పెట్టనివ్వలేదు. బోటు యజమాని రెండుసార్లు వచ్చి విసుక్కున్నాడు. పని పదకొండింటికి మొదలైంది. కూలి మాత్రం పూర్తి రోజుకే ఇచ్చాడు.